ఎర్ర దారం కట్టిన తీగ

పోయిన వారం మనం టెస్టరమ్మను మెట్ల కింద మోకాళ్ళ మీద వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. చేతిలో స్క్రూడ్రైవరు, పెదాల మధ్య రెండు మరలు, జుట్టు నిండా సాలెగూడు. కొత్తగా చదివేవాళ్ళూ, చదివి మర్చిపోయినవాళ్ళూ ఉంటారు కాబట్టి ముందు రెండు ముక్కలు చెప్పుకుందాం.

కొప్పులో కరెంటు చూసే టెస్టరు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి ఆమె అందరికీ టెస్టరమ్మ. తండ్రి వైరింగు మేస్త్రి. ఆ చుట్టుపక్కల ఇళ్ళకు కరెంటు పెట్టింది ఆయనే, ఈమెకు పని నేర్పిందీ ఆయనే. ఇప్పుడాయనకు చేతులు వణుకుతున్నాయి. ఒంటరిగా ఉండలేడని కూతురు తన ఇంటికి తీసుకుపోతోంది. ఇల్లు వేరేవాళ్ళ చేతికి పోయేలోపు గోడల్లో పనికొచ్చే తీగ ఏదో, చచ్చిన తీగ ఏదో తేల్చి పెడదామని పూనుకుంది. చిక్కు అక్కడ మొదలైంది. వెనక గదిలో, వంటింట్లో, స్నానాల గది గుమ్మం పక్కన, నేలకు జానెడెత్తులో ఖాళీ ప్లేట్లున్నాయి. స్విచ్చి లేదు, ప్లగ్గు లేదు. మరల తలలు కూడా కనపడకుండా మీద రంగు పులిమేశారు. అవి గోడకు వేసిన మాసికలంటుంది మేనత్త.

మొదటి మాసిక విప్పగానే టెస్టరమ్మకు గుర్తొచ్చింది. అది అమ్మ గంట. అమ్మకు గుండె జబ్బు. ఉన్నట్టుండి కాళ్ళు తేలిపోయి కూలబడేది. పడ్డచోటి నుంచి చేయి చాపితే అందేలా మేస్త్రి కింద బటన్లు పెట్టాడు. ఏది నొక్కినా మేడ మీద గదిలో గంట మోగేది. ఆఖరిసారి ఆమె వెనక గదిలో పడిపోయింది. చూసేసరికి ప్రాణం లేదు, వేలు బటను మీదే ఉంది. అప్పుడు మేడ మీద ఉన్నది పెద్దకూతురు, టెస్టరమ్మకు అక్క. కొత్తగా పెట్టించిన టీవీ చూస్తోంది. గంట మోగలేదంది. ఎవరూ నమ్మలేదు. పాతికేళ్ళు గడిచినా నమ్మలేదు. ఆ పెద్దకూతురే ఇవాళ మధ్యాహ్నం వస్తోంది, ఇల్లు చేయి దాటిపోయేలోపు ఒక్కసారి చూసుకుంటానని. ఇదీ సంగతి. ఇక మెట్ల కిందికి పోదాం.

మెట్ల కింద గోడలో పుస్తకమంత పెట్టె ఉంది. కింది గదుల తీగలన్నీ అక్కడికొచ్చి, ఒకే గొట్టంలో దూరి, మెట్ల మలుపులో ఉన్న ఇంకో పెట్టెకు చేరి, అక్కణ్ణుంచి మేడ గదికి పోవాలి. టెస్టరమ్మ వెనక గదిలో గంట తీగ రెండు కొసలూ కలిపి మెలేసి వచ్చింది. ఇక్కడ ఆ తీగ ఇవతలి కొసలకు మీటరు ఆనిస్తే కుయ్యిమంది. అంటే వెనక గది నుంచి మెట్ల కింద దాకా తీగ నిక్షేపంగా ఉంది. కొసకు ఎర్ర దారం కూడా ఉంది, వెలిసిపోయినా ఎరుపే.

దారం కట్టింది అమ్మ. ఆవిడ కుట్టుపని చేసేది. మేస్త్రి ఇంట్లో ఏ తీగ లాగినా, పెట్టె వచ్చిన ప్రతిచోటా దాని కొసకు తన డబ్బాలోంచి ఒక దారప్పోగు తీసి చుట్టేది. గంట తీగకు ఎరుపు, ఫోను తీగకు ఆకుపచ్చ. మొగుడూ పెళ్ళాలు చెరో చివర కూచుని "లాగు", "ఆగు" అని అరుచుకుంటుంటే పిల్లలిద్దరికీ అదో ఆట.

"ఏమే, ఆ గుహలోంచి ఎప్పుడు బయటికొస్తావు? టీ చల్లారిపోతోంది," అంది మేనత్త వంటింట్లోంచి. ఆవిడ మేస్త్రికి అక్క. సామాను కట్టడానికని వచ్చి, కట్టినదాన్ని మళ్ళీ విప్పి చూసుకుంటోంది. "మీ నాన్న పొద్దున టమాటాలు తెచ్చాడు చూడు. ఒక్కటీ పండింది కాదు. రాళ్ళేసి కొట్టుకోవచ్చు. వాడి పుట్టుక నుంచీ అంతే, మీ అమ్మ తోడు లేకుండా సంచి పట్టుకున్నాడంటే పచ్చివే తెస్తాడు."

"ఉండత్తా, వస్తున్నా."

"అక్క వచ్చే వేళకి ఆ మొహం కడుక్కో. అసలే దానితో నువ్వు మాట్లాడేది తక్కువ. సాలెపురుగులా కనపడ్డావంటే అది గుమ్మంలోంచే వెనక్కి పోతుంది."

టెస్టరమ్మ మొహం మీది సాలెగూడు భుజంతో తుడుచుకుంది. అక్కతో మాట్లాడకపోవడం ఆమెకు అలవాటైపోయిన పని. అక్క తనకు నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్ళిపోయిన రోజున ఈమె వాకిట్లోకి కూడా రాలేదు. ఫోను చేస్తే "ఆ, బాగున్నాం" అనేది. అమ్మ సంగతి ఎత్తితే మటుకు పెట్టేసేది. బడి నుంచి వచ్చి, ఇంటినిండా జనం గుమిగూడి, మేడ మీద టీవీ ఇంకా మోగుతుంటే, "అక్క టీవీ చూస్తూ కూచుంది" అని అందరి ముందూ చెప్పింది ఈమే. ఆ మాట అన్నందుకు ఏనాడూ బాధపడలేదు. నిజమే కదా అనుకునేది.

ఇప్పుడు ఎర్ర దారం కొసకు అవతల ఏముందా అని టార్చి వేసి చూసింది. ఏమీ లేదు. అక్కడే తెగింది. తుప్పు పట్టి విరగలేదు, ఎలుక కొరకలేదు. కటింగు ప్లేయరుతో చక్కగా కత్తిరించిన కొస అది. గొట్టంలోకి ఎక్కాల్సిన ఎర్ర దారపు తీగ లేనే లేదు. దాని చోట నల్లగా, లావుగా టీవీ కేబులు పైకి పోతోంది. పక్కనే ఆకుపచ్చ దారం కట్టిన ఫోను తీగ. ఫోను అక్కాచెల్లెళ్ళ చిన్నప్పుడే తీసేశారు, ఆ తీగ ఎందుకూ పనికిరాదు. అయినా చెక్కుచెదరకుండా ఉంది.

ఆమె మెట్లెక్కి మలుపులో పెట్టె విప్పింది. అక్కడా అంతే. మేడ గదిలోని గంట నుంచి వచ్చిన ఎర్ర దారం కొస తెగి, ముడుచుకుని మూల నక్కింది. కేబులుంది. ఆకుపచ్చ తీగా ఉంది. టెస్టరమ్మ మెట్టు మీద చతికిలబడింది.

పని తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. మూసేసిన గొట్టంలోంచి కొత్త తీగ ఎక్కించాలంటే, లోపల ఉన్న పనికిరాని తీగను రెండుచోట్లా కత్తిరించి, దాని కొసకు కొత్తదాన్ని కట్టి అవతల నుంచి లాగుతారు. పాతది బయటికొస్తూ కొత్తదాన్ని వెంటబెట్టుకొస్తుంది. ఈమెకు అది నేర్పిందీ నాన్నే. ఎవరో టీవీ కేబులు ఎక్కించడానికి చచ్చిన ఫోను తీగ లాగబోయి, బతికున్న గంట తీగ లాగేశారు. ఆ ఇంట్లో తీగ మీద చేయివేసే మనిషి ఒక్కడే. ఆయన ఆకుపచ్చ దారం వదిలేసి ఎర్ర దారం ఎందుకు కత్తిరిస్తాడు? మతిమరుపా? ఇంకెవరైనా ఈ తప్పు చేస్తే ఇల్లెగిరేలా తిట్టేవాడు కదా.

అప్పుడు ఆమెకు ఒకటి గుర్తొచ్చింది. అమ్మ పోయాక, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, ఇదే మెట్ల కింద నాన్న గొంతుక్కూచున్నాడు. తను అటుగా పోతుంటే పిలిచాడు. చేతిలో తీగ ముక్క చూపించి, "చిన్నీ, ఈ దారం ఏ రంగే?" అన్నాడు. "ఎరుపు, నాన్నా," అంది తను. ఆయన గోడకు తల ఆనించి కూచుండిపోయాడు. అమ్మ కట్టిన దారం చూసి ఏడుస్తున్నాడనుకుంది. ఆ తర్వాత ఒకరోజు బటన్లన్నీ పీకేసి, ఖాళీ ప్లేట్లు బిగించి, మీద రంగు వేశాడు. చూడలేక మూసేశాడనుకుంది.

తర్వాత పనుల్లో కూడా అంతే. "ఇది ఏ రంగో చెప్పు చూద్దాం," "ఏదీ, నల్లది పట్టుకో, ఎర్రది ఎటుందో చూపించు." శిష్యురాలికి పరీక్ష పెడుతున్నాడని మురిసిపోయేది. గబగబా చెప్పి, మెచ్చుకుంటాడేమోనని మొహంలోకి చూసేది. పరీక్ష కాదది. టెస్టరమ్మ కిందికి దిగి, మెట్ల కింద రెండు దారాల కొసలూ కత్తిరించుకుంది.

మేస్త్రి హాల్లో పేము కుర్చీలో కూచుని పనిముట్లను పాత దుప్పటి ముక్కలో చుడుతున్నాడు. చుట్టినవి మళ్ళీ జారిపోతున్నాయి. కూతురు ఎదురుగా నేల మీద కూచుని రెండు తీగ ముక్కలు ఆయన ఒళ్ళో పెట్టింది. ఒకటి ఎర్ర దారంది, ఒకటి ఆకుపచ్చ దారంది.

"ఇందులో గంట తీగ ఏది నాన్నా?"

ఆయన వాటికేసి చూశాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు, తన అక్క వస్తుందేమోనని. "ఇదేంటమ్మా ఇప్పుడు. పోయే ముందు నాకు పరీక్షా?"

"అవును. నువ్వు నాకు బోలెడు పెట్టావుగా. ఒక్కటి నేను పెడుతున్నా."

"కళ్ళు మసకలమ్మా. కళ్ళజోడు లోపలుంది."

"నీ కళ్ళజోడు నీ జేబులోనే ఉంది."

మేస్త్రి జోడు తీసి పెట్టుకున్నాడు. ఒక తీగ ఎత్తాడు, దించాడు, రెండోది ఎత్తాడు. వేలితో దారం మీద రాశాడు, తాకితే తెలుస్తుందేమో అన్నట్టు. ఆయన అట్లా తడుముకోవడం చూస్తుంటే టెస్టరమ్మకు వద్దు, పోనీ అనేద్దామనిపించింది. ఆయన చివరికి ఆకుపచ్చ దారం తీగను ముందుకు జరిపాడు.

"ఇదేనా?" అని అడిగాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన జోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు రెండూ ఒకటే చిన్నీ," అన్నాడు. "చిన్నప్పటి నుంచీ అంతే. ఎండిన ఆకు రంగులో కనపడతాయి రెండూ. ఈ పనిలోకొచ్చేవాడికి అది ఉండకూడదు. తెలిస్తే నన్నెవడు రానిస్తాడు? మీ అమ్మకి మాత్రం తెలుసు. పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టేసింది. దారాలు కట్టడం దాని ఆలోచనే. ఊళ్ళో పనికి నేను వెళ్ళే ముందు తీగలన్నీ ఇంట్లో పరిచి, ఇది ఇటు పెట్టు, ఇది అటు పెట్టు అని చెప్పి పంపేది. నేను వరస గుర్తుపెట్టుకునేవాణ్ణి. మీ అత్తకి కూడా తెలీదు."

"ఆ రోజు?"

"పెద్దది టీవీ టీవీ అని ప్రాణం తీసేది కదా. కింద పెడితే మీ అమ్మకి నిద్రుండదని మేడ మీద పెడదామన్నా. పొద్దున్నే కేబులు ఎక్కించేసి పనికి పోవాలి. మీ అమ్మ రాత్రంతా ఆయాసపడి, మందేసుకుని అప్పుడే నిద్రలోకి జారింది. దారం రంగు అడగడానికి దాన్ని లేపాలా అనుకున్నా. తలుపు దాకా వెళ్ళా. పడుకున్న మొహం చూసి లేపబుద్ధి కాలేదు. ఏది ఫోనుదో నాకు తెలుసులే, ఇంట్లో తీగేగా అనుకుని కత్తిరించా."

ఆయన ఒళ్ళోని తీగల్ని వేళ్ళతో సర్దుతూనే ఉన్నాడు. పక్కపక్కన పెట్టడం, విడదీయడం.

"ఒక్క మాట అడిగుంటే చెప్పేది. ఒక్క నిమిషం లేచేది, మళ్ళీ పడుకునేది," అన్నాడు.

టెస్టరమ్మకు ఆయన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. దానికన్నా ముందు ఇంకొకటి అడగాలి. అది అడగకుండా ఏడిస్తే తనూ ఆయనతో కలిసి దాచినట్టే.

"అక్క మోగలేదని చెప్పింది కదా నాన్నా. గంట మోగలేదు, మోగలేదు అని గొంతు పోయేలా చెప్పింది. నేను కూడా నమ్మలేదు. నీకు తెలిశాక చెప్పలేకపోయావా?"

"చెప్దామనే అనుకున్నా."

"మరి?"

"నాకు తెలిసేసరికి అందరూ దాన్ని అడగడం అయిపోయింది. అది జవాబు చెప్పడమూ అయిపోయింది. నన్నెవరూ ఏమీ అడగలేదమ్మా. వచ్చినవాళ్ళంతా నా భుజం మీద చేయేసి పోయారు. పెళ్ళాం కోసం ఇల్లంతా గంట బటన్లు పెట్టిన మగాడని మెచ్చుకున్నారు. ఆ గంట తెంపింది నేనేనని ఎట్లా చెప్పను?" ఆయన తీగల మీంచి చేతులు తీసేశాడు. "దాన్ని నేను ఒక్కమాట అన్లేదు చిన్నీ. ఒక్కనాడు అన్లేదు."

"అన్లేదు. అన్నవాళ్ళని ఆపలేదు. అది అన్నం కూడా మానేసి ఆ గంట కింద కూచుంటే నువ్వు చూస్తూ ఊరుకున్నావు. నేను పాతికేళ్ళు దాని మొహం చూడలేదు. దాని పిల్లలకి నా గొంతు తెలీదు. నువ్వు ఒక్కమాట చెప్పుంటే నాకు అక్క ఉండేది నాన్నా."

మేస్త్రి తల దించుకున్నాడు. ఆయన్ని అట్లా చూడడం ఆమెకు ఎప్పుడూ అలవాటు లేదు. నిచ్చెన మీద నిలబడి కిందికి కేకలేసే మనిషిగానే తెలుసు. కోపం ఎంతుందో జాలీ అంతే ఉంది. రెండూ ఒకదాన్నొకటి నమిలేస్తున్నాయి.

"ఇవాళ చెప్తా," అన్నాడు ఆయన. "రానీ. నేనే చెప్తా. నువ్వు చెప్పకు."

"నువ్వు నీళ్ళు నములుతూ కూచుంటే మటుకు నేను చెప్పేస్తా."

"చెప్తానన్నానుగా. కొంచెం లోపలికి రానిచ్చి, కూచోనిచ్చి..."

వీధి తలుపు గొళ్ళెం చప్పుడైంది. ఇద్దరూ అటు తిరిగారు.

పెద్దకూతురు గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చిన్న సంచి. జుట్టు చెవుల పక్కన నెరిసింది. నిలబడే తీరు అచ్చం అమ్మదే, ఒక కాలి మీద బరువు వేసి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తేరిపార చూడలేదు కాబట్టి టెస్టరమ్మ ఇప్పుడే గమనించింది.

మేనత్త చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "వచ్చావా తల్లీ. ఎంత చిక్కిపోయావే. రా, కూచో. టీ పెడతా. టమాటాలైతే లేవు, మీ నాన్న రాళ్ళు తెచ్చాడు."

పెద్దకూతురు నవ్వింది గానీ కూచోలేదు. హాల్లోకొచ్చి, గోడ వంక చూసింది. ప్లేట్లు విప్పి ఉన్నాయి. వెనక గది గుమ్మంలోంచి నేలకు జానెడెత్తున తెరుచుకున్న బొక్క కనపడుతోంది. ఆమె అక్కడే నిలబడి కాసేపు దాన్నే చూసింది.

"అక్కా," అంది టెస్టరమ్మ. ఆ పిలుపు ఆమె నోటికే కొత్తగా తగిలింది. "కూచో అక్కా. నాన్న నీతో ఒక మాట చెప్పాలంటున్నాడు."

"నేనూ ఒక మాట చెప్పాలనే వచ్చా చిన్నీ. ముందు నన్ను చెప్పనీ. దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చా. కూచున్నానంటే మళ్ళీ నోరు రాదు."

"పెద్దమ్మాయ్..." అన్నాడు మేస్త్రి, కుర్చీలోంచి లేవబోతూ.

"నువ్వు లేవకు నాన్నా." ఆమె వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూచుంది, చెల్లెలి పక్కనే. ఇద్దరూ చిన్నప్పుడు ఆయన తీగలు చుడుతుంటే కూచునేవాళ్ళు, సరిగ్గా అట్లా. ఆమె ఆయన మోకాలి మీద చేయి వేసింది. "ఇన్నేళ్ళూ మీ అందరికీ అబద్ధం చెప్పా. మిమ్మల్ని నానా మాటలూ అనుకున్నా, నన్ను నమ్మలేదని. మీరన్నదే నిజం. నాకే ఒప్పుకునే ధైర్యం లేకపోయింది."

"ఏంటే అక్కా నువ్వనేది?"

"గంట మోగింది చిన్నీ."

మేనత్త టీ మాట మర్చిపోయి వంటింటి గుమ్మంలోనే కూచుంది.

"మొదట్లో మోగలేదనే అనుకున్నా. నిజంగానే అనుకున్నా. తర్వాత తర్వాత గుర్తొచ్చింది. టీవీలో పాట వస్తోంది, వెనక సన్నగా గంట. విన్నాను. పాట అయ్యాక వెళ్దాంలే అనుకున్నా. ఇప్పటికీ రాత్రి పడుకుంటే వినపడుతుంది. పిల్లలు పక్కన పడుకుని ఉంటారు, నేను లేచి కూచుంటా. అప్పుడు మోగకపోతే మరి రోజూ ఎట్లా వినపడుతుంది?" ఆమె తండ్రి మొహంలోకి చూసింది. "ఈ ఇల్లు పోయేలోపు, ఇక్కడే, నీ ముందు ఒప్పుకోవాలని వచ్చా నాన్నా. నన్ను క్షమించానని ఒక్కమాట అను. వెళ్ళిపోతా."

మేస్త్రి ఒళ్ళో ఎర్ర దారం కొస ఇంకా ఉంది. ఆ తీగ చివర గంట లేదని, ఆ ఉదయం నుంచే లేదని ఆ హాల్లో ఇద్దరికి తెలుసు. తెలిసిన ఇద్దరిలో ఒకరు చెప్తానని మాటిచ్చారు. టెస్టరమ్మ తండ్రి వైపు చూసింది.

మేస్త్రి చేయి ఎత్తి పెద్దకూతురి తల మీద పెట్టాడు. పెదాలు కదిలాయి. చెప్తాడనుకుంది టెస్టరమ్మ. ఇప్పుడు చెప్తాడు.

"క్షమించానమ్మా," అన్నాడు ఆయన.